మెచ్చుకుంటే తగు చర్య తీసుకోబడును

పార్కులు, నడకదారుల ఆఫీసులో ఈ ఉత్తరం ఎవరి చేతికొస్తే వారికి,

నమస్కారం. నేను రేకు పెట్టెలు చేసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. బతుకంతా రేకుల షెడ్డులో కూర్చుని పెట్టెలూ, డబ్బాలూ, గరాటులూ సుత్తితో కొట్టి కొట్టి, షెడ్డు మూసేసినా నా చెవుల్లో అది ఇంకా నడుస్తూనే ఉంది. మా ఆవిడ పక్కనుంచి పిలిచినా వినపడదు గానీ ఆ సుత్తి చప్పుడు మాత్రం పగలూ రాత్రీ వినపడుతుంది. ఈ మాట మా ఆవిడ నమ్మదు. కావాలనే పలకనంటుంది.

సంగతేమిటంటే, స్కూలు గ్రౌండు వెనకాల కాలవ పక్కన మీ ఆఫీసు వాళ్ళదే ఒక మట్టిబాట ఉంది. ఎండాకాలం మొదలైనప్పట్నుంచీ రోజూ పొద్దున్నే మా కుక్కని తీసుకుని అక్కడికి పోతున్నాను. వాడి పేరు బండోడు. పేరు పెట్టినప్పుడు అరచేతిలో పట్టేవాడు. ఆ పేరు పెట్టబట్టే ఇలా తయారయ్యాడని మా ఆవిడ అంటుంది.

అయ్యా, ఏం చెప్పమంటారు! ఎండ ఇంకా ఎక్కని వేళ. పైన కొమ్మలన్నీ కమ్ముకుపోయి ఉంటాయి, సూర్యుడు వచ్చాడో లేదో కూడా తెలీదు. నీళ్ళ మీద తూనీగలు తిరుగుతుంటాయి. ఎక్కడో పైన వడ్రంగిపిట్ట ఒకటి టకటకమని చెట్టుని పొడుస్తూ ఉంటుంది. అది తప్ప ఇంకో చప్పుడుండదు. నా చెవుల్లో సుత్తి కూడా ఆ కాసేపు నోరు మూసుకుంటుంది. పడిపోయిన మొద్దు ఒకటి బాటకి అడ్డంగా ఉంది. దాని మీద నేను కూర్చుంటాను, దాని పక్కన బండోడు పడుకుంటాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. ఇంట్లో అయితే నన్ను అంతసేపు ఊరికే ఎవరుండనిస్తారు?

చాలా బాగుంది. అది చెబుదామనే రాస్తున్నాను. జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
మాజీ రేకు పెట్టెల వాడు

తా.క.: ఆఫీసుకి ఉత్తరం రాసి మరీ మెచ్చుకునే వెర్రివాణ్ణి ఎక్కడా చూడలేదని మా ఆవిడ అంటోంది.

తా.క. రెండు: బాట మొదట్లో ఉన్న మీ బోర్డు మీద బండోడు రోజూ కాలెత్తుతున్నాడు. వాడి తరఫున దాన్ని సంతకం కింద జమకట్టుకోండి.

*

అయ్యా,

విషయం: కాలవ పక్క మట్టిబాటపై తమ ఫిర్యాదు.

తమ ఫిర్యాదు అందినది. తమకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము. తమరు ఎత్తిచూపిన లోపాలపై తగు చర్య తీసుకోబడినది.

బాటకు అడ్డముగా ఉన్న మొద్దు తొలగించబడినది. సూర్యుడు వచ్చినదీ లేనిదీ తెలియనీయకుండా చేయుచున్న కొమ్మలను పూర్తిగా కొట్టివేయవలసినదిగా ఆదేశాలు జారీ అయినవి. కొమ్మలు కొట్టువాడు సెలవులో ఉన్నందున, తిరిగి రాగానే ఆ పని జరుగును. చెట్లను పొడుచుచున్న పక్షి విషయము పరిశీలనలో ఉన్నది. బోర్డు, కుక్క కాలికి అందనంత ఎత్తునకు లేపబడినది.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క.: ఆ బోర్డును ఇప్పుడు ఏనుగు కూడా తడపలేదు. మనుషులు చదవలేరు కూడా. దాని మీద "నిశ్శబ్దం" అని తప్ప ఇంకేమీ లేదు కాబట్టి పెద్ద నష్టం లేదు.

*

గుమస్తా గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నేను ఫిర్యాదు చేయలేదండీ బాబూ! బాగుందన్నాను. బాగుందంటే బాగుందనే అర్థం. మా షెడ్డులోనైనా, మీ ఆఫీసులోనైనా దానికి అదే అర్థం అనుకున్నాను.

నిన్న పొద్దున వెళ్తే మొద్దు లేదు. బండోడు అది ఉన్నచోటు చుట్టూ వాసన చూసుకుంటూ తిరిగి తిరిగి, చివరికి నా మొహంకేసి చూశాడు, నేనే దాన్ని తినేసినట్టు.

అసలు సంగతి చెప్తాను వినండి. బండోడు ముసలాడయ్యాడు. వెనక కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. రోజూ నడిపిస్తేనే ఆ కాళ్ళు నిలుస్తాయనీ, నడక మానిపిస్తే ఇక లేవడనీ పశువుల డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మా ఇంటి ముందు రోడ్డు మీద వాడు నడవడు. నాలుగడుగులేసి, కాళ్ళు కాలి, నడిరోడ్డు మీద చతికిలబడతాడు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతుంటే వాడు ఆవులిస్తాడు. ఎత్తుకుందామంటే నాకంటే బరువు. అదే ఆ కాలవ పక్కనైతే నీడ. మట్టి మెత్తగా, అడుగేస్తే పాదం దిగిపోయేలా ఉంటుంది. వాడు నడిచేది అక్కడొక్కచోటే. అందుకని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేదేమిటంటే, ఆ బాట జోలికి పోకండి. మొద్దు తెచ్చి పడేయండి. కొమ్మల్ని ముట్టుకోకండి. ఆ పిట్టని దాని మానాన దాన్ని వదిలేయండి.

ఇట్లు,
ఫిర్యాదు చేయనివాడు

తా.క.: మీ ఉత్తరం చూసి మా ఆవిడ "చెప్పానా" అంది. ఆ మాట అనే అవకాశం ఆవిడకి ముందురోజు సాయంత్రం తర్వాత మళ్ళీ అప్పుడే దొరకడం.

*

అయ్యా,

విషయం: అదే బాటపై తమ రెండవ ఫిర్యాదు. అత్యవసరం.

తమకు కూర్చొనుటకు చోటు లేకపోయినదని తెలిసి విచారిస్తున్నాము. మొద్దు ఉన్నచోటికి పక్కన, ఎండ బాగుగా తగులుచోట ఇనుప బెంచీ వేయబడినది. అడుగు వేసినచో పాదము దిగిపోవునంతటి ప్రమాదకరమైన మట్టిపై సిమెంటు పోయుట ఆరంభమై, సగం బాట పూర్తయినది. పక్షిని తరుముటకై రేకు డబ్బా మోగించు మనిషి ఒకరు నియమించబడినారు. వారు తెల్లవారినది మొదలు పొద్దుగూకువరకు మోగించెదరు.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క.: ఇది ఆఫీసు ముద్ర లేని ముక్క. పెద్దాయన గారూ, మీరు మెచ్చుకున్నారని నాకు మొదటి ఉత్తరంలోనే అర్థమైంది. ఆఫీసరు గారికి చెప్పాను కూడా. ఆయన నవ్వేసి, "నేను ఉద్యోగంలో చేరింది మొదలు ఈ ఆఫీసుని బాగుందన్నవాడు ఒక్కడు లేడు. వీడు బాగుందన్నాడంటే అది వెటకారం. ఇంత తియ్యగా వెటకారం చేస్తున్నాడంటే వీడి వెనక ఎవరో పెద్ద తలకాయే ఉంది. వాడు దేన్ని బాగుందన్నాడో దాన్ని ముందు పీకించు" అన్నారు. మీ ఉత్తరం వచ్చినప్పట్నుంచీ ఆయనకి అన్నం సయించడం లేదు. క్యారియరు మూత తీసి, మీ ఉత్తరం చూసి, మళ్ళీ మూత పెట్టేస్తున్నారు.

*

గుమస్తాకి, వాడి ఆఫీసరుకి, ఆ ఆఫీసరుకి ఉద్యోగమిచ్చిన మహానుభావుడికి,

నమస్కారం పెట్టడం లేదు.

మిట్టమధ్యాహ్నం వెళ్ళి మీ ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. కూర్చున్నదానికంటే వేగంగా లేచాను. ఎక్కడ కాలిందో ఉత్తరంలో రాయను, మా ఆవిడ వెన్న రాసింది.

మీ డబ్బా మనిషిని చూశాను. ఇన్నేళ్ళూ రేకు చప్పుడు విని విని, దాన్నుంచి పారిపోయి నేను అక్కడికి వెళ్తే, మీరు దాన్ని వెతికి పట్టుకుని జీతమిచ్చి మరీ నా ఎదురుగా నిలబెట్టారు. పిట్ట ఎగిరిపోయింది. తూనీగలు పోయాయి. అదొక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. ఆ డబ్బా ఎవడు చేశాడో గానీ పరమ చెత్తపని. అడుగున అతికిన మాటు ఊడింది, పక్కన ఇంత సొట్ట. వాయిస్తుంటే దగ్గొచ్చిన మేకలా ఉంది చప్పుడు. నా చేతులు ఊరుకుంటేనా! వాడి దగ్గర లాక్కుని, ఇంటికి తెచ్చి, సొట్ట తీసి, మాటు వేసి ఇచ్చాను. ఇప్పుడు స్కూలు దాకా వినపడుతోంది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఈసారి నిజంగానే వినపడటం లేదని చెప్పుకునే అవకాశం కూడా పోయింది.

ఇక బండోడు. సిమెంటు మొదలయ్యేచోట ముందుకాలు పెట్టి చూశాడు, తీసేశాడు, కూర్చున్నాడు. బతిమాలాను. బిస్కెట్టు చూపించాను. నేనే ముందు నడిచి చూపించాను. కదల్లేదు. మిగిలిన మట్టంతా ఆ సిమెంటుకి అవతలే ఉంది. అప్పట్నుంచీ వాడికి నడక లేదు. ఇవాళ పొద్దున గుమ్మం దగ్గర లేవబోయి వెనక కాళ్ళు జారి పడిపోయాడు. మా ఆవిడ వాడి పొట్ట కింద తువ్వాలు వేసి పైకి లాగి నిలబెట్టింది. నిలబెట్టి ఏడ్చింది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. వాడు ఇంక లేవకపోతే ఏం చేయాలో నాకు తెలీదు. నాకు చాలా భయంగా ఉంది.

మీరు మనుషులేనా? మీ బుర్రల్లో ఉన్నది మెదడా, బాట మీద పోయగా మిగిలిన సిమెంటా? దద్దమ్మలు, దున్నపోతులు, చదవడం రాని సన్నాసులు! మీ ఆఫీసుకి తాళం వేసి ఆ తాళం కాలవలో పారేస్తే ఊరు బాగుపడుతుంది!

ఇట్లు,
మీ మీద ఒళ్ళు మండిపోతున్నవాడు

తా.క.: ఈ ఉత్తరంలో "బాగుంది" అనే మాట ఎక్కడా లేదు. వెతుక్కోండి. ఇప్పుడు ఇక్కడ రాసింది లెక్కలోకి రాదు.

*

అయ్యా,

విషయం: తమ తిట్ల ఉత్తరం.

తమ ఉత్తరము అందుకొని ఆఫీసరు గారు మిక్కిలి సంతోషించినారు. ఇటువంటి ఉత్తరాలు మా కార్యాలయమునకు ప్రతిదినము వచ్చుచున్నవి. తమరు కూడా అందరివంటి వారేనని తెలిసి ఊరట కలిగినది. తమ ఉత్తరము తక్కిన తిట్లతో కలిపి కట్టలో కట్టబడినది. దీనిపై ఎట్టి చర్యయు ఉండదు.

కొమ్మలు కొట్టువాడు సెలవు ముగించుకుని సోమవారము విధులలో చేరునని తెలియజేయడమైనది.

ఇట్లు,
ఫిర్యాదుల గుమస్తా

తా.క.: "దద్దమ్మలు" అన్నచోట ఆఫీసరు గారు వేలు పెట్టి, "చూశావా, మామూలు మనిషే! అనవసరంగా భయపడ్డాను" అన్నారు. క్యారియరు మొత్తం ఖాళీ చేసి నా పెరుగు కూడా తిన్నారు.

తా.క. రెండు: పెద్దాయన గారూ, నేను మీకేమీ చెప్పలేదు, మీరేమీ వినలేదు. ఎవరైనా తిడితే ఆయన కదలరు, దేన్నీ కదిలించరు. దేన్నైనా పొగిడితే మాత్రం అది పీకించేదాకా ఊరుకోరు. ఆ బాట మీద ఇప్పుడు పీకించవలసినవి ఏమేం ఉన్నాయో మీకే బాగా తెలుసు. సోమవారం లోపల రాయండి. తువ్వాలు సంగతి చదివాక నాకు ఏ పని మీదా మనసు నిలవలేదు.

*

మహారాజశ్రీ ఆఫీసరు గారికి,

శతకోటి నమస్కారాలు. మొన్న ఏదో కడుపు మండి నాలుగు మాటలన్నాను. ఆ తర్వాత మనసు పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, మీరు ఆ కాలవ పక్కన ఎంత గొప్ప పని చేశారో!

ముందుగా ఆ సిమెంటు. ఆహా! ఎండలో దాని మీద నిలబడితే అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా ఒకటే వెచ్చదనం. అప్పడం పెట్టినా వేగుతుంది. అలాంటి బాటని ఎవరూ ఎప్పుడూ ముట్టుకోకూడదు. ఇనుప బెంచీ ఇంకా గొప్పది. దాని మీద ముసలాళ్ళు కూర్చోవడం, ఎగిరి లేవడం, కూర్చోవడం, ఎగిరి లేవడం. డాక్టర్లు చెప్పి చెప్పి చేయించలేని కసరత్తు మీరు ఒక్క బెంచీతో చేయించారు. ఆ పాత మొద్దు అక్కడ లేకపోవడం ఎంత హాయిగా ఉందో! దాన్ని మళ్ళీ తేవాలని ఎవరైనా అంటే నేనే అడ్డం పడుకుంటాను.

డబ్బా మనిషి సంగతి చెప్పాలంటే మాటలు చాలవు. ఆయన వాయిస్తుంటే నేను పక్కింటివాళ్ళకి కూడా వినిపించాలని కిటికీలు తెరిచాను. తెరిచినా తెరవకపోయినా ఒకటేనని వాళ్ళన్నారు. ఇక ఆ బోర్డు! ఆకాశంలో అంత ఎత్తున "నిశ్శబ్దం" అని పెట్టారు, కొంగలు చదువుకుని నోరు మూసుకుని పోతున్నాయి.

సోమవారం కొమ్మలు కూడా కొట్టేస్తారని విన్నాను. మీ ముందుచూపుకి నా జోహార్లు! ఎండాకాలంలో నీడ తీసేయాలనే ఆలోచన మామూలు బుర్రకి తట్టదు. కొమ్మలు కొట్టేవాడు సెలవు నుంచి ఎప్పుడొస్తాడా అని నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
మీ అభిమాని

తా.క.: ఇది చదివి మా ఆవిడ, "పెళ్ళైనప్పట్నుంచీ ఇందులో నాకు ఒక్క ముక్కైనా దక్కిందా?" అంది. ఆవిడకీ ఒక ఉత్తరం బాకీ పడ్డాను.

తా.క. రెండు: చివరగా ఒక్క మాట, ఇది గుండెలోంచి రాస్తున్నాను. మీ ఫిర్యాదుల గుమస్తా బంగారం లాంటి మనిషి. ఓపికా, తెలివీ, జాలీ ఉన్నవాడు. అటువంటివాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టినందుకు మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

*

అయ్యా,

తమ ఘాటైన ఫిర్యాదు చదివి నేను స్వయంగా ఈ జవాబు రాయించుచున్నాను.

సిమెంటు పగలగొట్టించి, మట్టి పరిపించి, నీళ్ళు చల్లించడమైనది. బెంచీ తీయించడమైనది. మొద్దును గోడౌను నుంచి తెప్పించి ఉన్నచోటనే వేయించడమైనది. డబ్బా మనిషిని ఇంటికి పంపించడమైనది. బోర్డు కిందికి దించబడినది. కొమ్మలు కొట్టువానికి, అతడు వద్దని మొత్తుకొనుచున్నప్పటికీ, సెలవు పొడిగించడమైనది.

తమ ఫిర్యాదులలో మిక్కిలి తీవ్రమైనది గుమస్తాను గూర్చినది. "అటువంటివాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టినందుకు" అని తమరు నన్ను ఎత్తిపొడిచిన తీరు నా మనసుకు ముల్లులా గుచ్చుకున్నది. అతడు అంతటి పనికిమాలినవాడని తమరు చెప్పువరకు నాకు తెలియదు. ఆ రోజే అతణ్ణి కుర్చీలోంచి లేపి పంపించివేశాను.

ఇట్లు,
ఆఫీసరు

తా.క.: తమరు మునుపటివలె మమ్ములను తిట్టుచూ రాయగలరని ఆశ. ఆ ఉత్తరము వచ్చిన రోజు నేను కడుపునిండా భోంచేశాను.

*

ఆఫీసరు గారికి,

మీ ఉత్తరం చూసి నా గుండె గుభేలుమంది. అయ్యో, అయ్యో, ఎంత పని చేశారు! ఎంత పని చేశాను!

బాట మళ్ళీ బాటలా అయింది, ఒప్పుకుంటున్నాను. బండోడు మొదటిరోజు మట్టి మీద కాలు పెట్టి, నాలుగడుగులేసి ఆగి, మళ్ళీ నాలుగేసి, మొద్దు దాకా నడిచాడు. పిట్ట కూడా తిరిగొచ్చింది. కానీ ఆ మొద్దు మీద కూర్చుంటే నాకు హాయి లేదు. నా కుక్క కాళ్ళ మీద నిలబడిందని సంబరపడనా, ఆ కుర్రాడు రోడ్డున పడ్డాడని ఏడవనా? వాడికి పెళ్ళాం పిల్లలున్నారో, ముసలితల్లి ఉందో, నాకేం తెలుసు? నా నోటిదురద వాడి కూడు తీసింది. మా ఆవిడకి విషయం చెప్తే "చెప్పానా" అని కూడా అనలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

బాబ్బాబు, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ కుర్రాడు నిజంగానే మంచివాడు. నిజంగా అంటే నిజంగానే. వెటకారం కాదు. అంత మంచివాణ్ణి నేను చూడలేదు. వాడు ఎక్కడున్నా వెతికి...

ఇంక ఎలా రాయాలో నాకు తెలియడం లేదండీ. మీకు ఏ మాట ఎలా చెబితే ఏం తోస్తుందో అని రాసిన కాగితాన్ని రాసినట్టే చింపేస్తున్నాను.

ఇట్లు,
నోరు జారినవాడు

తా.క.: బాట దగ్గర కొత్తగా ఒక వాచ్‌మన్‌ని పెట్టారు. మొద్దుకి అవతలి కొసన కూర్చుంటాడు, ఒక్క మాట మాట్లాడడు. బండోడు వాడి చెప్పుల మీద తల పెట్టి పడుకుంటున్నాడు. ఆ మనిషి గురించి నేను మంచీ చెడూ ఏమీ అనడం లేదు. దయచేసి గమనించగలరు.

*

బాబాయి గారికి,

నమస్కారం. ఇలా పిలిచినందుకు ఏమీ అనుకోకండి. రోజూ ఒకే మొద్దు మీద కూర్చునేవాళ్ళం, ఇంకా "అయ్యా" అంటే బాగుండదు.

అవును, నేనే. మీరు ఆఫీసరు గారికి రాసిన ఉత్తరం నా సీట్లోకొచ్చిన అమ్మాయి చేతిలో పడింది. ఆ పిల్ల తెలివైంది. చదవగానే గుండెలు బాదుకుని, ఆఫీసరు గారికి చూపించకుండా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అది గనక ఆయన కంట పడి ఉంటే ఈపాటికి నన్ను ఇక్కణ్ణుంచి కూడా పీకేసేవారు.

ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు బాబాయి గారూ. శిక్ష వేశారు. శాఖ మొత్తంలో ఇంతకంటే ఘోరమైన చోటు ఏదా అని వెతికితే, ఆయనకి మీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. సూర్యుడు కనపడడట, కాళ్ళు మట్టిలో దిగిపోతాయట, పురుగులు తిరుగుతాయట, పిట్ట పొడుస్తుందట, పలకరించే దిక్కుండదట. "పో, అక్కడ కూర్చో, తెలిసొస్తుంది" అన్నారు. ఆయన మొహం చూస్తే, పాపం, నా మీద జాలి కూడా పడుతున్నారు.

ఆ ఆఫీసు గదికి కిటికీ లేదండీ. నడకదారుల ఆఫీసులో ఇన్నాళ్ళు పనిచేసి నేను ఒక్క నడకదారి చూడలేదు. పొద్దున్నే తిట్ల కట్ట విప్పడం, సాయంత్రం కట్టడం, ఇదే పని. ఇంటికెళ్ళాక మా ఆవిడ కూర ఎలా ఉందని అడిగితే "తగు చర్య తీసుకోబడును" అనేవాణ్ణి. ఇప్పుడు ఆవిడే అంటోంది, మనిషివయ్యావని.

మీకు మొదటిరోజే చెబుదామనుకున్నాను. మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు. పిట్ట అప్పుడే పని మొదలుపెట్టింది. అది ఆపాక చెబుదాంలే అనుకున్నాను. అది ఆపలేదు. మర్నాడు బండోడు నా కాళ్ళ మీద పడుకున్నాడు, కదిలితే లేస్తాడేమోనని ఊరుకున్నాను. ఇలా ఏ రోజుకారోజు నోరు విప్పబుద్ధి కాలేదు. అందుకే పక్కపక్కనే కూర్చుంటూ కూడా ఉత్తరం రాస్తున్నాను. మీరు నా గురించి అంత కుమిలిపోతున్నారని తెలియక చేసిన పని, క్షమించండి.

ఇప్పుడు నాది ఒక్కటే భయం. మీ నోటి నుంచి నా గురించి ఇంకొక్క మంచిమాట వచ్చిందంటే నేను మళ్ళీ ఆ కిటికీ లేని గదిలో ఉంటాను. కాబట్టి దయచేసి నన్ను తిట్టండి. వాచ్‌మన్ నిద్రపోతున్నాడని రాయండి. కుక్కతో కబుర్లాడుతున్నాడని రాయండి. నా మొహం చూస్తే మీకు కంపరమని రాయండి. నెలకొకటి తప్పకుండా రాస్తే చాలు. కట్టలో కట్టేస్తారు, నన్నెవరూ కదిలించరు.

ఇట్లు,
మీ పనికిమాలిన వాచ్‌మన్

తా.క.: మొహమాటపడి చిన్నాచితకా తిట్లతో సరిపెట్టకండి బాబాయి గారూ. మీరెంత గట్టిగా తిడితే నేను అంత కాలం ఇక్కడుంటాను.